చెదరని పిచ్చుకగూడు

ఏటియొడ్డున తడియిసుకను పాదముమీద పేర్చి, అరచేతితో మెత్తగా అదిమి, మెల్లగా పాదమును వెనుకకు తీసికొని పిచ్చుకగూడు కట్టని బాల్యము తెలుగునాట అరుదు. గూడు నిలిచినప్పుడు కలుగు సంతోషమెంతటిదో, దానిని ఎవరైన త్రొక్కి చెరపినప్పుడు కలుగు దుఃఖమును అంతటిదే. పెద్దలు దగ్గరకు తీసికొని, “ఇసుకగూడే కదా! మరియొకటి కట్టుకొమ్ము” అని ఓదార్తురు. కాని కట్టిన చేతులకు అది ఇసుక కాదు, ఇల్లు. నేనిప్పుడు చెప్పబోవునదియు ఒక పిచ్చుకగూటి సంగతియే. అయితే ఆ గూడు ఏటియొడ్డున కాక కంప్యూటరులో కట్టబడినది.

2021వ సంవత్సరము నవంబరు నెల చివరిదినములలో ఒక సాయంకాలము మా మనుమరాలు ఆట మాని, దిగులుగా కిటికీ దగ్గర కూర్చుండెను. కారణమడుగగా, “తాతయ్యా! మా ఆటకు పెద్ద అప్‌డేట్ వస్తోంది. భూమి అంతా మారిపోతుందట. నా ఊరు ఉంటుందో, పోతుందో!” అనెను. బడులు మూతపడియున్న దినములలో మొదలుపెట్టి, ఏడాదిన్నర కాలము శ్రమించి ఆ పిల్ల ఒక సరస్సు ఒడ్డున చిన్న ఊరు కట్టుకొనెను. అందులో ఒక మేడ, ఒక వంతెన, గొఱ్ఱెలదొడ్డి, గోధుమచేను, నేలలోనికి దిగు ఒక గని కలవు. ఆ మాట విని మొదట నాకు నవ్వు వచ్చెను. తరువాత నా చిన్ననాటి ఏటియొడ్డు జ్ఞాపకమునకు వచ్చి నవ్వు ఆగిపోయెను.

ఆ ఆట పేరు మైన్‌క్రాఫ్ట్. దీనిని మొదట రచించినవాడు స్వీడన్ దేశీయుడైన మార్కుస్ పెర్సన్. 2009 మే నెలలో దీని తొలిరూపము ప్రజల చేతికి వచ్చెను. 2011 నవంబరులో సంపూర్ణరూపము వెలువడెను. స్టాక్‌హోం నగరమందలి మోజాంగ్ అను సంస్థ దీనిని పెంచి పోషించుచున్నది. 2014లో మైక్రోసాఫ్ట్ సంస్థ 250 కోట్ల డాలర్లకు మోజాంగ్‌ను కొనెను. 2023వ సంవత్సరము నాటికి ఈ ఆట ప్రతులు 30 కోట్లకు పైగా అమ్ముడుపోయినవి. ప్రపంచమున ఇంతకంటె అధికముగా అమ్ముడుపోయిన వీడియో ఆట మరియొకటి లేదని చెప్పుదురు.

ఇందు గెలుపోటములు ముఖ్యములు కావు. ఆటగాడు ఒక నిర్జనమైన లోకములో ఒంటరిగా కన్నులు తెరచును. అక్కడి నేల, రాయి, చెట్టు, నీరు సమస్తమును ఘనములుగా నుండును. ఒక్కొక్క ఘనము నిలువునను అడ్డమునను ఒక మీటరని లెక్క. చెట్టు కొట్టి కలప తీయవలెను, కలపతో పనిముట్లు చేసికొనవలెను, ఆకలి తీర్చుకొనవలెను, చీకటి పడులోగా తలదాచుకొను చోటు చూచుకొనవలెను. ఏలయన రాత్రివేళ వికృతజీవులు తిరుగును. అటుపిమ్మట ఏమి కట్టవలెనో, ఎట్లు బ్రతుకవలెనో ఎవరును చెప్పరు. అది ఆటగాని యిష్టము. ఇసుకతిన్నెమీద కూర్చున్న పిల్లవానికి గూడు ఇట్లే కట్టుమని ఎవరు చెప్పిరి?

ఈ లోకములోని నేల ఎట్లు పుట్టుచున్నదో తెలిసికొన్నగాని మా మనుమరాలి భయము అర్థము కాదు. ఆ లోకమంతయు ముందే తయారుచేసి పెట్టబడినది కాదు. ఆటగాడు నడచుచు పోవుచుండగా, అతని ముందర నేల పదునారు ఘనముల వెడల్పు, పదునారు ఘనముల పొడవుగల తునకలుగా అప్పటికప్పుడు ఏర్పడును. దీనికి మూలము ఒక సంఖ్యయు, ఒక గణితవిధానమును. ఒకసారి ఏర్పడిన తునక అట్లే భద్రపరుపబడును. ఆటగాడు దానియందు చేసిన మార్పులును నిలిచియుండును. అతడు అడుగుపెట్టని దిక్కున కొండ గాని కోన గాని యింకను లేదు. మగ్గముమీది వస్త్రము ఇందులకు తగిన పోలిక. నేసినంతమేర బట్ట, నేయనిచోట ఉత్త నూలు.

నేత సగములో నుండగా నేతగాడు ఉన్నట్టుండి అంచును, పువ్వును మార్చినచో ఏమగును? పాతనేతకును కొత్తనేతకును నడుమ ఒక వికారమైన గీత కనబడును. ఈ ఆటయందును పూర్వమట్లే జరిగెను. 2011 సెప్టెంబరులోను, మరల 2013 అక్టోబరులోను వచ్చిన కూర్పులలో నేలను పుట్టించు విధానమును మార్చిరి. పాతలోకములు పోలేదు గాని, పాత తునకలు ముగిసి కొత్త తునకలు మొదలగుచోట భూమి కత్తితో కోసినట్లుండెను. మైదానము నడుమ గోడవలె లేచిన కొండయు, తిన్నని గీతవెంట తెగిపోయిన సముద్రమును కానవచ్చెడివి. చూచినవారికి ఇది అతుకులబొంత యని వెంటనే తెలిసిపోవును.

ఇక 2021వ సంవత్సరపు కూర్పు వీటన్నిటికంటె పెద్దది. దాని పేరు ‘కేవ్స్ అండ్ క్లిఫ్స్’, అనగా గుహలు, కొండచరియలు. దీనిని మోజాంగ్‌వారు 2020 అక్టోబరు 3వ తేదీన ప్రకటించిరి. అంతకు పూర్వము ఆ లోకపు ఎత్తు అడుగునుండి పైవరకు 256 ఘనములు మాత్రమే. కొత్తకూర్పులో పైన 64, క్రింద 64 చేర్చి దానిని 384 ఘనములు చేసిరి. మేఘములను దాటి తల యెత్తు మంచుకొండలు వచ్చెను. ఇరుకు సొరంగములుగా నుండిన గుహలు ఇప్పుడు మహామంటపములంత విశాలములయ్యెను. కొన్ని గుహలలో నీటిమడుగులును, పచ్చని నాచును, వెలుగునిచ్చు పండ్లుగల తీగలును కలవు. మరికొన్నింట పైకప్పునుండి రాతికొనలు వ్రేలాడుచుండును. వానికెదురుగా నేలనుండి రాతిమొలకలు లేచుచుండును. విశాఖపట్టణమునకు వాయవ్యముననున్న బొర్రాగుహలు చూచినవారికి ఇవి కొత్తగావు. సున్నపురాతిలో నీరు బొట్టుబొట్టుగా దిగుచు యుగములపాటు చెక్కిన శిల్పమునే ఆటను రచించినవారు తమ ఘనములతో అనుకరించిరి. కొండమేకలు వచ్చెను. మెక్సికో దేశపు సరస్సులలో పుట్టి, నేడు నశించిపోవు స్థితిలోనున్న ఆక్సొలాటల్ అను జలచరము వచ్చెను. రాగి వచ్చెను, ఆ రాగి నిజమైన రాగివలెనే కాలక్రమమున పచ్చని చిలుము పట్టును. తేనెమైనము పూసినచో చిలుము ఆగిపోవును.

ఇంతటి మార్పు వచ్చినప్పుడు పాతలోకముల గతి యేమి? రచించినవారి యెదుట రెండు మార్గములుండెను. మొదటిది సులభమైనది: “కొత్తకూర్పు కావలసినవారు కొత్తలోకము మొదలుపెట్టుకొనుడు” అని చెప్పి చేతులు దులుపుకొనుట. రెండవది కష్టమైనది: ఎవరు కట్టుకొన్నది వారికి విడిచిపెట్టి, దానిచుట్టును, దానిక్రిందను కొత్తలోకమును అమర్చుట. వారు రెండవ మార్గమును పట్టిరి.

వారు చేసిన పని యిది. పాత తునకలలో నేలమీద ఉన్నదానిని ఉన్నట్లే యుంచిరి. ఇల్లు, చేను, వంతెన ఏదియు కదలలేదు. పాతనేల అంచుననుండి కొత్తనేల మొదలగునప్పుడు, ఆ రెండింటి ఎత్తులను లెక్కవేసి, కొత్తనేల పాతదానితో మెల్లగా కలిసి, పిమ్మట క్రమముగా తన రూపమును దాల్చునట్లు చేసిరి. కత్తికోత పోయి వాలు వచ్చెను. ఇక లోతు మాట. పూర్వము లోకమునకు అట్టడుగున ఏ పనిముట్టుకును పగులని రాతిపొర యొకటి యుండెడిది. ఆ పొరను తీసి, దానికి బదులు నల్లని పలకరాయినుంచి, దానిక్రింద మరి 64 ఘనముల లోతున కొత్త గుహలను పుట్టించిరి. ఒక కుటుంబము కాపురముండగానే, గోడ బీటవారకుండ, అటకమీది కుండ పడకుండ, ఆ యింటిక్రింద నేలమాళిగ త్రవ్వియిచ్చినట్లైనది. ఈ పనిని చాటుగా చేయలేదు. 2021 జూలై మొదలుకొని పరీక్షాకూర్పులను విడుదలచేసి, ఆటగాండ్ర అభిప్రాయములను విని దిద్దుకొనిరి.

నా అభిప్రాయమేమనగా, ఈ కూర్పులో మెచ్చదగిన గొప్పపని ఆకాశమంటు కొండలు కావు, అద్భుతమైన గుహలు కావు. పాతయింటిని కాపాడిన ఆ వాలుప్రదేశము. కొండను చూచి అందరు ఆశ్చర్యపడుదురు. అతుకు కనబడకుండ అతికినవానిని ఎవరును తలవరు. అయినను బుద్ధిబలము, అంతకుమించి మనస్సు, ఆ అతుకునందే యున్నది.

“పాత ఒక రోత, కొత్త ఒక వింత” అని మన సామెత. ఇది లోకస్వభావమును చెప్పిన మాటయే గాని, ధర్మమును చెప్పిన మాట కాదు. కొందరు నాతో, “అది యంతయు తెరమీది బొమ్మ. చెరిగిపోయిన మరల గీసికొనవచ్చును. దానికొరకు ఇంత శ్రమ యేల?” అని వాదించిరి. మరికొందరు ఒక మెట్టు పైకిపోయి, “ఈ కూర్పును ఆట కొన్నవారికి ఉచితముగానే ఇచ్చిరి కదా! ఉచితముగా ఇచ్చినదానిని ఇచ్చినట్లు పుచ్చుకొనవలె” ననిరి. ఈ వాదములు నాకు సమ్మతములు కావు. ఆ లోకపు నేలను పుట్టించినది సంస్థ; దానిని ఎవరును కాదనరు. కాని ఆ నేలమీద ఇల్లు కట్టినది ఆటగాడు. ఆ యింట సంస్థవారి గణితముతోపాటు ఒక పిల్లదాని ఏడాదిన్నర కాలపు సాయంకాలములు కలిసియున్నవి. ఒకరి శ్రమ కలిసినచోట వారికి కొంత హక్కు పుట్టును. కాగితమున వ్రాయకపోయినను ఆ హక్కు ఉన్నది. ఉచితమైన బహుమానము కూడ ఇతరుల కష్టమును త్రొక్కుచు రారాదు.

ఇక ఆలస్యమును గూర్చి ఒక మాట. ఈ కూర్పు మొత్తము 2021 వేసవికే వచ్చునని మొదట చెప్పిరి. కాని 2021 ఏప్రిల్ 14వ తేదీన, పని అనుకొన్నదానికంటె పెద్దదైనదనియు, దానిని రెండు భాగములుగా నిత్తుమనియు ప్రకటించిరి. రాగి, కొండమేకలు మున్నగునవిగల మొదటిభాగము జూన్ 8వ తేదీన వచ్చెను. కొండలు, గుహలు, పెరిగిన ఎత్తును గల రెండవభాగము నవంబరు 30వ తేదీన వచ్చెను. ఎందరో పిల్లలు నిరాశపడిరి. “ఆలస్యం అమృతం విషం” అను పెద్దలమాట వారిపక్షముననే యున్నది. కాని “నిదానమే ప్రధాన” మనియు ఆ పెద్దలే చెప్పిరి. ఈ రెండింటిలో దేనిని ఎప్పుడు పాటించవలెను? తొందరపడుటవలన మనకే నష్టమైనచో తొందరపడుట మన యిష్టము. ఇతరుల యిల్లు కూలునట్లయినచో నిదానించుట మన విధి. ఆ అతుకును సరిచేయక వేసవికే విడుదల చేసియున్నచో, దాని ఫలమును అనుభవించువారు స్టాక్‌హోంలోనివారు కారు; ఊరు కట్టుకొన్న పిల్లలు.

అయినను వారిని నిర్దోషులని నేననను. ఒక దోషము స్పష్టముగానే యున్నది. పని సిద్ధము కాకమునుపే గొప్పగా చాటిచెప్పిరి. లోతైన చీకటిగుహలు, వానిలో కన్నులులేక చప్పుడునుబట్టియే తిరుగు ఒక భయంకరజీవి వచ్చునని 2020లోనే చూపిరి. అవి 2022 జూన్‌లో మరియొక కూర్పుతో గాని రాలేదు. నేలను తుడిచి పూర్వకాలపు వస్తువులను వెలికితీయు పురావస్తుశోధన అను వినోదమును కూడ అప్పుడే చూపిరి. అది 2023 జూన్ వరకు రాలేదు. పొయ్యిమీద ఎసరు పెట్టకముందే విస్తరి వేసి కూర్చుండబెట్టుట అతిథికి మర్యాద కాదు. వాగ్దానము చేయునప్పుడు వేగిరపడి, పని చేయునప్పుడు నిదానించుటకంటె, వాగ్దానమునందే నిదానించుట మేలు. అయితే ఒకటి చెప్పవలెను: మాట తప్పవలసివచ్చినప్పుడు వారు దాగలేదు. ముందుగా తెలియజేసి, సగమును చెప్పిన కాలమునకిచ్చి, మిగిలినదానిని పూర్తిచేసి యిచ్చిరి. తప్పును ఒప్పుకొని దిద్దుకొనువానికి లోకము రెండవసారి అవకాశమిచ్చును.

నవంబరు 30వ తేదీ గడచిన మరునాడు మా మనుమరాలు భయపడుచునే తన లోకమును తెరచెను. నేనును ప్రక్కన కూర్చుంటిని. తెరమీద మొదట సరస్సు, తరువాత వంతెన, పిమ్మట మేడ ఒక్కొక్కటిగా కనబడెను. గొఱ్ఱెలు దొడ్డిలోనే యుండెను. ఆ పిల్ల ఒక్క మాటైనను మాటాడక గనిలోనికి దిగి, అంతకుపూర్వము పగులని రాయి అడ్డగించిన చోటికి పోయెను. అక్కడ ఇప్పుడు నల్లని పలకరాయి యుండెను. గుద్దలి యెత్తి కొట్టగా అది పగిలెను. కొంతదూరము త్రవ్వగానే ఎదుట అంతులేని చీకటియు, ఎక్కడనో నీరు పడుచున్న చప్పుడును. “తాతయ్యా! ఇన్నాళ్ళూ నా ఇంటి కిందే ఇది ఉన్నట్టుంది!” అని ఆ పిల్ల ఆనందముతో కేకవేసెను. నిజమునకు నిన్నటివరకు అది లేదు. అయినను అట్లు తోచుటయే ఆ రచించినవారి నేర్పు. కొత్తది వచ్చి పాతదానిని పరాయిదానిగా చేయలేదు. దానికి లోతు చేర్చినది.

విద్యార్థులారా! మీరు పెద్దవారై ఎన్నియో సంగతులను మార్చుదురు. మార్చవలయును గూడ. ఒకడు బడికి కొత్త నియమములు చేయును. ఒకడు తాతలనాటి యింటిని బాగుచేయును. ఒకడు పదిమంది వాడు యంత్రమునకు కొత్తరూపమిచ్చును. అట్టి సమయమున మీరు మొదట అడుగవలసిన ప్రశ్న, ‘నేను తేబోవు కొత్త ఎంత గొప్పది?’ అని కాదు. ‘ఇక్కడ ఇదివరకే ఎవరు ఏమి కట్టుకొనియున్నారు?’ అని. ఆ ప్రశ్నకు జవాబు వెదకుటకు కొంత ఆలస్యమగును. దానికి మెప్పుకూడ తక్కువ. ఏలయన చెదరని పిచ్చుకగూటిని చూచి చప్పట్లు కొట్టువారుండరు. కాని ఏటియొడ్డున ఒక పిల్ల ఏడువకుండ ఇంటికి పోవును.